కెన్యా బడులు ఎవరు కట్టారు, ఎవరు వడగట్టారు?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ఆఫ్రికా దేశాలు స్వాతంత్ర్యం వచ్చాక కూడా తెల్లవాళ్ల నాటి పుస్తకాల చదువునే ఎందుకు పట్టుకుని ఉన్నాయి? పొలం పనీ చేతిపనీ నేర్పే చదువు అక్కడి పల్లెలకు నప్పేదే కదా, అది ఎందుకు నిలవలేదు? మిషనరీలు లేకపోతే అసలక్కడ బడులు ఉండేవా? వీటికి ఆఫ్రికా మొత్తానికి సరిపోయే జవాబు లేదు. ఫ్రెంచివారి సెనెగల్, బెల్జియం వారి కాంగో, 1953 నాటి బంటు విద్యా చట్టం కింద నలిగిన దక్షిణాఫ్రికా, వేటి కథ వాటిదే. నేను ఎక్కువకాలం చదివినదీ, పాఠం చెప్పినదీ తూర్పు ఆఫ్రికా చరిత్ర కాబట్టి కెన్యాను తీసుకుని జవాబిస్తాను. పక్కనే ఉన్న టాంజానియా వేరే దారి తొక్కింది కనుక పోలికకు దాన్నీ కొంత తెస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చదువు పైవాళ్లు కిందివాళ్లకు ఇచ్చిన వస్తువు అన్న ఊహ మీ ప్రశ్నల్లో ఉంది. కెన్యాలో జరిగింది చాలావరకు అందుకు విరుద్ధం. గదులు కట్టినదీ, టీచరు జీతానికి డబ్బు పోగుచేసినదీ ఎక్కువ సందర్భాల్లో ఊరివాళ్లే. వలస ప్రభుత్వమైనా, ఆ తర్వాత వచ్చిన సొంత ప్రభుత్వమైనా గట్టిగా తన గుప్పిట్లో ఉంచుకున్నది ఆ గదుల్లోంచి పైకి వెళ్లేవాళ్లను వడగట్టే పరీక్షను, ఆ పరీక్ష ఇచ్చే సర్టిఫికెట్‌ను. ఈ రెండింటి మధ్య లాగుడే అక్కడి విద్యా చరిత్ర.

మిషనరీలతో మొదలుపెడదాం. జర్మనీకి చెందిన క్రాఫ్ 1844లోనే మొంబాసా చేరి, ఆ పక్కన రబాయిలో మిషన్ పెట్టాడు. అయినా లోపలి ప్రాంతాలకు బడి పాకింది రైలుదారి పడ్డాకే. 1896లో మొంబాసాలో మొదలైన పట్టాలు 1901 చివరికి విక్టోరియా సరస్సు ఒడ్డుకు చేరాయి. ఆ చుట్టుపక్కల ఏళ్లలోనే స్కాట్లండ్ చర్చి వాళ్లు నైరోబీ దగ్గర కికుయు జనం ఉండే నేల మీద థొగోటోలోను, ఇంగ్లండు వారి చర్చ్ మిషనరీ సొసైటీ 1906లో సరస్సు సీమలోని మసేనోలోను బడులు తెరిచారు. తొలి విద్యార్థులు పెద్దింటి బిడ్డలు కారు. కరువులో దిక్కులేక మిషన్ చేరినవాళ్లు, ఇష్టంలేని పెళ్లి తప్పించుకుని వచ్చిన ఆడపిల్లలు, కొడుకును పంపమని మిషనరీ పోరు పెడితే ఊరిపెద్ద తన కొడుకును దాచుకుని బదులుగా పంపిన పశులకాపరులు, అలాంటివాళ్లు. కొన్నేళ్లు తిరిగేసరికి ఆ కాపరి కుర్రాళ్లే గుమాస్తాలై, దుబాసీలై, ఊరిపెద్దలకన్నా ఎక్కువ నగదు కళ్లచూడటంతో లెక్క తారుమారైంది.

అప్పటికి బతుకులోకి కాగితం కూడా వచ్చేసింది. గుడిసె పన్ను నగదుగా కట్టాలి, నగదు కావాలంటే తెల్ల రైతు దగ్గరో రైల్వేలోనో కూలికి పోవాలి. 1920 నాటి నుంచి యుక్తవయసు వచ్చిన ప్రతి ఆఫ్రికన్ మగవాడూ కిపాండే అనే గుర్తింపు కాగితాన్ని రేకు డబ్బాలో పెట్టి మెడకు తగిలించుకుని తిరగాల్సి వచ్చింది. అందులో వేలిముద్ర, యజమాని పేరు, జీతం, పనిలో చేరిన తేదీ, వదిలిన తేదీ ఉంటాయి. పాత యజమాని సంతకం పెట్టి వదిలితే తప్ప కొత్త చోట పనిలో చేరడం కుదరదు. తన మెడలో వేలాడే కాగితంలో తన గురించి ఏం రాసి ఉందో చదవగలిగినవాడికీ చదవలేనివాడికీ తేడా ఏమిటో ఆ తరానికి ఎవరూ ఉపన్యాసం ఇచ్చి చెప్పనక్కర్లేకపోయింది.

ప్రభుత్వం తలపెట్టిన చదువు మాత్రం వేరు. 1909లో విద్యా సలహాదారుగా రప్పించిన నెల్సన్ ఫ్రేజర్ బొంబాయి విద్యాశాఖలో పనిచేసినవాడు. ఆఫ్రికన్లకు ప్రధానంగా చేతిపనుల శిక్షణ ఇవ్వాలని ఆయన సిఫారసు చేశాడు. భారతీయ వడ్రంగులు, తాపీ మేస్త్రీల స్థానంలో చవగ్గా స్థానికులు దొరుకుతారు కనుక తెల్ల రైతులకూ ఇది నచ్చింది. ఇంగ్లీషు చదువు ఇండియాలో అసంతృప్తితో రగిలే గుమాస్తాలను తయారుచేసిందని, అది ఆఫ్రికాలో జరగనివ్వకూడదని ఆనాటి బ్రిటిష్ అధికారులు తరచూ అనుకునేవారు. అంటే మన దగ్గర మెకాలే నాటి నుంచి నడిచిన చదువు ఫలితాలు చూసి భయపడి, వేరే ఖండంలో పగ్గాలు ముందే బిగించారన్నమాట. 1924లో అమెరికా నుంచి ఫెల్ప్స్-స్టోక్స్ కమిషన్ తూర్పు ఆఫ్రికాకు వచ్చింది. దానికి పెద్ద థామస్ జెస్సీ జోన్స్, సభ్యుల్లో గోల్డ్ కోస్టుకు (నేటి ఘనా) చెందిన జేమ్స్ ఆగ్రే ఒకరు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారికోసం నడిపిన వ్యవసాయ, చేతిపనుల బడులే ఆఫ్రికా పల్లెలకు తగిన నమూనా అని వాళ్లు చెప్పారు. మరుసటి ఏడు నైరోబీ పక్కన కబేటేలో, ఒక అమెరికన్ దాత పేరు మీద, జీన్స్ స్కూలు పెట్టారు. టీచర్లు భార్యాపిల్లలతో సహా వచ్చి, నమూనా ఇళ్లలో ఉంటూ, మరుగుదొడ్డి తవ్వడం, కూరగాయల మడులు వేయడం, పసిపిల్లల సంరక్షణ నేర్చుకుని, తిరిగి వెళ్లి చుట్టుపక్కల పల్లె బడులను తీర్చిదిద్దాలి. కాగితం మీద చూస్తే చేతిపని ద్వారా చదువు అన్న గాంధీ 1937 నాటి నయీ తాలీమ్ గుర్తుకొస్తుంది. ఉద్దేశాలు మాత్రం ఒకటి కావు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. సాగులో లాభం వచ్చే పంట కాఫీ. ఆఫ్రికన్లు కాఫీ వేయడానికి లైసెన్సుల పేరుతో అడ్డు పెట్టారు. 1930ల్లో మేరు, ఎంబు, కిసీ జిల్లాల్లో కొద్దిమందికి అనుమతి దొరికినా, కికుయుల ప్రాంతాల్లో ఆ పంట నిజంగా విస్తరించింది 1950ల్లోనే. మంచి నేల ఉన్న ఎత్తు ప్రాంతాలు తెల్లవారికే కేటాయించారు. లాభసాటి పంట వేసే హక్కు లేనివాడికి, వేయడానికి నేల చాలనివాడికి బడిలో వ్యవసాయం నేర్పితే అతను చివరికి తేలేది తెల్లవాడి తోటలో కూలీగానే. గుమాస్తాకు వచ్చే జీతం తోట కూలికి కొన్ని రెట్లు. ఈ లెక్క తల్లిదండ్రులకు తెలుసు, కమిషన్ వారికి తెలియదా అంటే తెలియకేం. మసేనో విద్యార్థులు చేతిపని తగ్గించి చదువు చెప్పమని 1908లోనే సమ్మె కట్టారు. కనుక పుస్తకాల చదువు మీద మోజు వలస పాలకులు అంటించిన జబ్బు అనడం నాకు సమ్మతం కాదు. వాళ్లు వద్దంటుంటే జనం పట్టుబట్టి గుంజుకున్న వస్తువు అది.

గుంజుకునే దారులు కూడా త్వరగానే దొరికాయి. 1924లో ఏర్పరచిన స్థానిక నేటివ్ కౌన్సిళ్లు జిల్లా కలెక్టర్ల కనుసన్నల్లో నడిచే సంస్థలే అయినా, వాటికి సొంతంగా పన్ను వేసుకునే వీలుంది. కికుయు, లువో, లుయా జనం ఉండే ప్రాంతాల కౌన్సిళ్లు ఆ డబ్బును మిషన్లకు ఇవ్వకుండా, మిషన్ల చేతిలో లేని ప్రభుత్వ బడులు పెట్టమని అడిగాయి. 1930ల తొలినాళ్లలో కకమేగాలోను, కగుమోలోను వచ్చిన బడుల వెనుక ఉన్నది ఆ డబ్బే. మిషన్లకు ఇది మింగుడుపడలేదు. చదువంటే తమ గుత్త అని వాళ్లు అప్పటికి నమ్మేశారు.

1929లో ఆ గుత్తకు గండి పడింది. కికుయుల్లో ఆడపిల్లలకు చేసే సున్తీని ఖండిస్తున్నట్టు సభ్యులు, టీచర్లు ప్రతిజ్ఞ చేయాలని స్కాట్లండ్ మిషన్, ఆఫ్రికా ఇన్‌లాండ్ మిషన్ షరతు పెట్టాయి. ఆ ఆచారం ఆడపిల్లలకు చేసే హాని విషయంలో నాకు రెండో మాట లేదు. కెన్యాయే 2011లో దానిమీద కఠినమైన చట్టం చేసింది. ఆనాటి గొడవ మాత్రం ఆచారం ఒక్కదాని గురించే జరగలేదు. భూములు పోయిన కోపం, మా పిల్లల చదువు ఎలా ఉండాలో చెప్పడానికి మీరెవరన్న కోపం, అన్నీ ఆ ప్రతిజ్ఞ దగ్గర ఒక్కటయ్యాయి. వారాల వ్యవధిలో మిషన్ తరగతులు ఖాళీ అయ్యాయి. గదులు కట్టిన చెమట మాది కాబట్టి బడి మాది అన్నారు ఊరివాళ్లు. మా పేరిట ఉంది కాబట్టి మాది అన్నాయి మిషన్లు. చాలాచోట్ల ఊరివాళ్లు లేచి వెళ్లిపోయి వేరే చోట కట్టుకున్నారు. మగవాళ్లు రాటలు నరికి తెచ్చి పాతారు, ఆడవాళ్లు నీళ్లు మోసి, గడ్డి కోసి తెచ్చి, తడికెలకు మట్టి మెత్తారు. ఏ క్లాసుకు ఎంత ఫీజు, ఏ టీచరుకు ఎంత జీతం అన్నది పెద్దల కమిటీ తేల్చేది. ఆ టీచరు చదివింది చాలా సందర్భాల్లో నాలుగైదు తరగతులే, అదీ మిషన్ బడిలోనే.

ఈ బడులు రెండు సంఘాలుగా కూడాయి. ఒకటి కికుయు ఇండిపెండెంట్ స్కూల్స్ అసోసియేషన్, ఇది ఎక్కువగా మురాంగా, న్యేరీ వైపు. రెండోది కియాంబు వైపు పట్టున్న కికుయు కరింగా సంఘం, ఇది ప్రభుత్వంతో రాజీకి అంత తేలిగ్గా దిగేది కాదు. వాళ్లు క్రైస్తవాన్ని వదల్లేదు. మొదటి సంఘం 1935లో దక్షిణాఫ్రికా నుంచి ఆఫ్రికన్ ఆర్థడాక్స్ చర్చి ఆర్చ్‌బిషప్ డేనియల్ విలియం అలెగ్జాండర్‌ను రప్పించుకుని తమ పాస్టర్లకు శిక్షణ ఇప్పించుకుంది. పాఠ్యక్రమాన్నీ తిప్పి పారేయలేదు. ప్రభుత్వ సిలబస్‌నే చెబుతామన్నారు, ఇంకా చెప్పాలంటే ఇంగ్లీషు ప్రభుత్వం ఒప్పుకున్నదానికన్నా ముందే మొదలుపెడతామన్నారు. వలస పాలన మీద తిరగబడ్డవాళ్లే ఇంగ్లీషు కోసం ఎందుకు పట్టుబట్టారని నా విద్యార్థులు ఏటా అడిగేవారు. అధికారంలో ఉన్నవాడి భాష, వాడి చట్టం, వాడి లెక్కల పుస్తకం తమకు తెలియకుండా ఉంచడానికే సొంతభాష, సొంత సంస్కృతి అన్న మాటలు అడ్డు పెడుతున్నారని వాళ్లకు అనుమానం. ఆ అనుమానం పూర్తిగా నిరాధారం కాదు.

అమెరికాలో చదువుకుని 1938లో తిరిగొచ్చిన ఎంబియు కొయినాంగే మరుసటి ఏడు గితుంగురిలో టీచర్ల శిక్షణ కాలేజీ పెట్టాడు. ఈడువారీ జట్లు కికుయు సమాజంలో పాత ఏర్పాటు; ఒకే కాలంలో యుక్తవయసు సంస్కారం జరిగినవాళ్లంతా ఒక జట్టు, ఆ బంధం జీవితాంతం ఉంటుంది. గితుంగురి చందాలను ఈ జట్లవారీగా వసూలు చేశారు, ఒక జట్టు మీద ఇంకొక జట్టు పోటీకి వచ్చి ఇచ్చాయి. ఇంగ్లండు నుంచి 1946లో వచ్చిన జోమో కెన్యాట్టా కొంతకాలానికే ఆ కాలేజీ బాధ్యత తీసుకున్నాడు. తర్వాత దేశాధ్యక్షుడిగా ఆయన వాడిన చందాల విద్య అంతా అక్కడ చూసినదే అని నా నమ్మకం.

ఆఫ్రికన్ల చదువుపై ప్రభుత్వం వేసిన బీచర్ కమిటీ నివేదిక 1949లో వచ్చింది. నాలుగేళ్ల ప్రాథమిక చదువు తర్వాత పోటీ పరీక్ష, ఆ పైన నాలుగేళ్ల ఇంటర్మీడియట్ బడి, ఆ పైన అతి కొద్దిమందికి సెకండరీ. ఎక్కువమంది పిల్లలకు నాలుగో తరగతి దగ్గరే తలుపు మూసేసే ఏర్పాటు ఇది, పైగా ఆజమాయిషీ మళ్లీ మిషన్లదే. ఆఫ్రికన్లలో దీనిమీద రేగిన కోపం బ్రిటిష్ పాలన మీద లేచిన మౌ మౌ తిరుగుబాటు ముందరి రోజుల రాజకీయంలో గట్టిగా వినబడుతుంది. 1952 అక్టోబరులో ఎమర్జెన్సీ ప్రకటించాక వందకు మించిన స్వతంత్ర బడులను మూయించారు, కొన్నింటిని మిషన్లకూ జిల్లా విద్యా బోర్డులకూ అప్పగించారు, గితుంగురి కాలేజీ మూతపడింది.

ఇదంతా ఆఫ్రికన్ పిల్లల కథ. అదే దేశంలో తెల్లపిల్లలకు వేరే బడులు, భారతీయ పిల్లలకు వేరే బడులు, అరబ్బు పిల్లలకు వేరే బడులు ఉండేవి. తెల్లపిల్లలకు, పెద్ద పట్టణాల్లోని భారతీయ మగపిల్లలకు 1942లో నిర్బంధ విద్య వచ్చింది. ఆఫ్రికన్ పిల్లలకు అలాంటి మాటే లేదు. భారతీయులు, ముఖ్యంగా గుజరాతీలు, పంజాబీలు, తమ బడులను చాలావరకు చందాలతోనే కట్టుకున్నారు. గాంధీ పేరిట కాలేజీ పెట్టాలని వాళ్లు పోగుచేసిన నిధి నైరోబీలోని రాయల్ టెక్నికల్ కాలేజీలో కలిసింది. అక్కడ గాంధీ విగ్రహాన్ని 1956లో ఆవిష్కరించింది అప్పటి మన ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆ కాలేజీయే 1970లో నైరోబీ విశ్వవిద్యాలయమైంది. తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో వెళ్లింది కెన్యాకు కాదు, 1860 తర్వాత నాటాల్ చెరకు తోటలకు. అక్కడా ఇదే తీరు: భారతీయ సంతతి పిల్లల బడుల్లో ఎన్నో జనం డబ్బుతో కట్టి, ప్రభుత్వ గ్రాంటుతో నడిపిన ఎయిడెడ్ బడులే. డర్బన్‌లో శాస్త్రి కాలేజీ లేచిన రోజుల్లో, 1929 నుంచి 1932 దాకా, దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటుగా ఉన్నది మన కూర్మా వెంకటరెడ్డి నాయుడు.

కెన్యాకు తిరిగొస్తే, 1963 డిసెంబరు 12న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ప్రాథమిక బడుల్లో సుమారు 8,90,000 మంది పిల్లలున్నారు. దేశం మొత్తానికి సెకండరీ బడులు 151, వాటిలో విద్యార్థులు 30,000 మంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధమే తర్వాతి ఇరవై ఏళ్ల రాజకీయం. ప్రొటెస్టంటు మిషన్లు కలిసి 1926లో పెట్టిన అలయన్స్ హైస్కూలు నుంచి తొలి మంత్రివర్గంలోకి చాలామంది వచ్చారంటే ఆ గొట్టం ఎంత సన్ననిదో ఊహించండి. ఆడపిల్లలకు దానికి జోడు హైస్కూలు 1948లో గానీ రాలేదు, అంటే ఇరవై రెండేళ్లు ఆలస్యంగా. పై చదువులకు అక్కడ చోటు లేక కార్మిక నాయకుడు టామ్ ఎంబోయా 1959 నుంచి విద్యార్థులను విమానాల్లో అమెరికా పంపించిన కథ చాలామందికి తెలిసిందే. తర్వాత నోబెల్ శాంతి బహుమతి అందుకున్న వాంగారీ మాతాయ్ అలా వెళ్లినవారే.

1964లో ఒమిందే కమిషన్ జాతివారీ బడులను కలిపేయమంది, కలిపారు. తెల్లపిల్లల ప్రిన్స్ ఆఫ్ వేల్స్ స్కూలు నైరోబీ స్కూలైంది, డ్యూక్ ఆఫ్ యార్క్ స్కూలు లెనానా స్కూలైంది. ఫీజులు మాత్రం అలాగే ఎత్తున ఉంచారు. దాంతో రంగు ఉన్న చోట డబ్బు వచ్చి కూర్చుంది: ఆ బెంచీల మీదికి కొత్త మంత్రుల, సెక్రటరీల పిల్లలు చేరారు. మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇదే. పాత వ్యవస్థ తమ పిల్లలకు పనికొస్తున్నప్పుడు దాన్ని కూలదోయాల్సిన తొందర పైనున్నవాళ్లకు కనబడలేదు. మిగతా సగం జవాబు ఊళ్లలో ఉంది.

ఊళ్లలో హరాంబీ బడులు పుట్టాయి. అందరం కలిసి లాగుదాం అన్న కెన్యాట్టా పిలుపు పేరే వాటికి పెట్టారు. ప్రాథమిక బడి దాటిన పిల్లలకు సీట్లు లేవు, ప్రభుత్వం కొత్త హైస్కూళ్లు ఆ వేగంతో పెట్టలేదు, కనుక ఊళ్లే కట్టుకోవడం మొదలుపెట్టాయి. చందాల సభ తీరు చూస్తే మన పెళ్లిళ్లలో చదివింపులే. ఎంపీయో మంత్రో ముఖ్య అతిథి, మైకులో పేరు చదివి ఎవరెంత ఇచ్చారో చెబుతారు, డబ్బు లేనివాళ్లు కోడినో మేకనో అరటి గెలనో తెస్తే అక్కడికక్కడే వేలం వేసి ఆ సొమ్మూ లెక్కలో కలుపుతారు. ఎవరికన్నా ఎవరు ఎక్కువిచ్చారన్నది రేపటి ఎన్నికల దాకా చెప్పుకుంటారు. పైకి స్వచ్ఛందమే గానీ, కొన్నిచోట్ల ఊరి చీఫ్ ఇంటింటికీ ఇంతని విధించి ముక్కుపిండి వసూలు చేసేవాడు. 1970ల మధ్యకు వచ్చేసరికి ఈ బడులు ప్రభుత్వ ఎయిడెడ్ సెకండరీ బడుల సంఖ్యను మించిపోయాయి.

వాటి నాణ్యత గురించి నిజం చెప్పాలి. చాలావాటిలో ప్రయోగశాల లేదు, కాబట్టి సైన్సు నామమాత్రం. టీచర్లు ఎక్కువమంది శిక్షణ లేనివాళ్లు, కొందరు నిన్నమొన్న సెకండరీ చివరి తరగతైన నాలుగో ఫారం ముగించినవాళ్లు. ప్రభుత్వ బడిలో సీటు రాని పిల్లలే ఇక్కడికి వచ్చేది, ఫీజు మాత్రం ఇక్కడే ఎక్కువ. అందరూ రాసేది ఒకే పబ్లిక్ పరీక్ష, దాంట్లో తప్పేది ఎక్కువగా వీళ్లే. అయినా ఎందుకు కట్టారంటే, గోడలు లేపితే ఏదో ఒక రోజు ప్రభుత్వం టీచర్లను ఇచ్చి బడిని తీసుకోక తప్పదని ఆశ. కొన్ని బడుల విషయంలో ఆ ఆశ ఫలించింది కూడా, ముఖ్యంగా గట్టి నాయకుడున్న చోట. కాఫీ, తేయాకు డబ్బు తిరిగే మధ్య కెన్యాలో బడులు దట్టంగా లేచాయి. ఉత్తరాన సోమాలీ, తుర్కానా పశుపాలకులున్న మెట్టసీమలో కట్టేందుకు చేతిలో నగదూ లేదు, అడిగే మంత్రీ లేడు. స్వయంకృషి అన్న మాట మీద నాకు గౌరవం ఉన్నా, స్వయంగా కృషి చేయడానికి ముందే ఎంతో కొంత ఉన్నవాడికే అది మేలు చేసిందని లెక్కలు చెబుతాయి. ఇంట్లోనూ అంతే. ఫీజు ఒక్కరికే సరిపోయే చోట కొడుకును పంపారు, కూతురిని ఆపారు.

ప్రాథమిక చదువు ఉచితం అన్న ఎన్నికల వాగ్దానాన్ని కెన్యాట్టా పదేళ్ల తర్వాత, 1973 డిసెంబరు 12న, మొదటి నాలుగు తరగతులకు ప్రకటించాడు. విద్యాశాఖ అధికారులే సిద్ధంగా లేరు. జనవరిలో బడులు తెరిచేసరికి సుమారు 18 లక్షలున్న నమోదు 28 లక్షలకు పెరిగింది. గదులు చాలలేదు, టీచర్లు చాలలేదు. ఫీజు వద్దన్నారు గనుక హెడ్మాస్టర్లు భవన నిధి పేరుతో వసూళ్లు మొదలుపెట్టారు, కొన్ని జిల్లాల్లో అది పాత ఫీజును మించింది, చేరినవాళ్లలో చాలామంది తొందరలోనే మానేశారు. 1985లో కెన్యాట్టా తర్వాతి అధ్యక్షుడు మోయి ప్రాథమిక బడి ఎనిమిదేళ్లు, సెకండరీ నాలుగేళ్లు, విశ్వవిద్యాలయం నాలుగేళ్లు అన్న పద్ధతి తెచ్చి ప్రాథమిక బడిలో వడ్రంగం, కుట్టుపని, వ్యవసాయం వంటివి మళ్లీ పెట్టినప్పుడు కూడా వర్క్‌షాపులు కట్టే భారం తల్లిదండ్రుల మీదే పడింది. 1909లో మొదలైన చేతిపనుల చదువు వేరే జెండా కింద తిరిగొచ్చింది, ఈసారి కూడా జనం దాన్ని మార్కులు తెచ్చే మరో సబ్జెక్టుగానే చూశారు. 1988 నుంచి తల్లిదండ్రులూ ఖర్చు పంచుకోవాలన్న విధానం, దాని వెనుక రుణదాతల ఒత్తిడి వచ్చాక, 1990ల్లో నమోదు నిష్పత్తి వెనక్కి పోయింది.

టాంజానియాలో అధ్యక్షుడు జూలియస్ నైరేరే 1967లో స్వావలంబన చదువు అన్నాడు. బడికి పొలం ఉండాలి, బోధన స్వాహిలిలో సాగాలి, ప్రాథమిక చదువే సంపూర్ణమై ఉండాలి, సెకండరీకి దేశానికి కావలసినంతమందినే తీసుకోవాలి. అంతకు కొద్దిగా ముందే, 1966 అక్టోబరులో, తప్పనిసరి జాతీయ సేవను నిరసించిన మూడు వందలకు పైగా విద్యార్థులను ఆయన ఇళ్లకు పంపేసి, ఆ సందర్భంలోనే తన జీతం కూడా తగ్గించుకున్నాడు. నీతి విషయంలో నైరేరే మీద వేలు పెట్టలేం. అక్షరాస్యతలోను, ప్రాథమిక బడుల వ్యాప్తిలోను ఆయన సాధించింది చిన్నది కాదు. కానీ సెకండరీ గొట్టాన్ని ఆయన కావాలనే సన్నగా ఉంచాడు, దాంతో కాఫీ డబ్బున్న కిలిమంజారో సీమలో చగ్గా జనంలోని తల్లిదండ్రులు, సోషలిస్టు ప్రభుత్వం ముఖం చిట్లించినా, కెన్యావాళ్ల మాదిరే సొంత సెకండరీ బడులు పెట్టుకున్నారు. బడి పొలం చాలాచోట్ల టీచరుకు ఉచిత కూలి దొరికే చోటుగా మారిందన్న ఫిర్యాదు కూడా ఉంది. ఇష్టంగా తలపెట్టిన గ్రామీణ చదువుకే ఈ గతి పట్టిందంటే, పట్టణంలో ఉద్యోగానికీ పల్లెలో సాగుకీ మధ్య ఆదాయంలో అంత తేడా ఉన్నంతకాలం సిలబస్ ఒక్కటే మార్చి తల్లిదండ్రుల మనసు తిప్పడం కుదరదని నేను అనుకుంటాను.

భాష సంగతి మీరు విడిగా అడగలేదు గానీ, దాటేస్తే జవాబు కుంటుతుంది. కెన్యాలో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మాధ్యమం అన్న ప్రయోగం 1957లో మొదలైంది నైరోబీలోని భారతీయ పిల్లల బడుల్లో. గుజరాతీ, పంజాబీ, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఒకే గదిలో కూర్చుంటే ఏ భాషలో చెప్పాలన్నది అక్కడి చిక్కు. ఫలితం బాగుందని ఆఫ్రికన్ బడులకూ పాకించారు, ఒమిందే కమిషన్ సమర్థించింది. 1976లో గచాతి నివేదిక మొదటి తరగతుల్లో ఆ ప్రాంతపు భాషలోనే చెప్పమంది. విధానం నేటికీ దాదాపు అదే. ఆచరణలో, ముఖ్యంగా పట్టణాల్లో, తల్లిదండ్రులు ఒప్పుకోరు. ఇంట్లో మాట్లాడే భాష బడిలో మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కబిళ్ల వేలాడదీసి, సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాడికి శిక్ష వేసే పద్ధతి వలస కాలంతోనే పోలేదు, స్వాతంత్ర్యం తర్వాతా చాలా బడుల్లో నడిచింది.

2003 జనవరిలో కిబాకి ప్రభుత్వం ప్రాథమిక ఫీజులన్నీ ఎత్తేసింది. నమోదు సుమారు 59 లక్షల నుంచి 72 లక్షలకు చేరింది. మరుసటి ఏడు ఎల్డొరెట్‌లో 84 ఏళ్ల కిమానీ మరూగే ఒకటో తరగతిలో చేరి ప్రపంచ వార్తల్లోకి ఎక్కాడు. ఆయన మౌ మౌలో పోరాడినవాడు. వార్తల్లో అంతగా రానిది ఇంకొకటి జరిగింది: తరగతికి నలభై మంది ఉండే చోట ఎనభై, తొంభై మంది చేరేసరికి, కాస్త స్తోమత ఉన్నవాళ్లు పిల్లలను ప్రభుత్వ బడి నుంచి తీసి అకాడమీలని పిలిచే ప్రైవేటు బడుల్లో వేశారు. నైరోబీ మురికివాడ కిబేరాలో కూడా రేకుల షెడ్లలో నడిచే చవక ప్రైవేటు బడులు పెరిగాయి. 2017లో మొదలైన కొత్త పాఠ్యక్రమం పరీక్షల ఒత్తిడి తగ్గించి నైపుణ్యాలు నేర్పుతానంది, ఎనిమిదో తరగతి చివర జరిగే జాతీయ పరీక్ష 2023తో ఆగింది. తల్లిదండ్రుల మొదటి ఫిర్యాదు మాత్రం ప్రాజెక్టు పనులకు కొనాల్సిన సామాను, తీయించాల్సిన ప్రింట్ల ఖర్చు గురించే.

మీరు దీన్ని ఇంకా లోతుగా చూడదలిస్తే దేశ సగటు అంకెలను కాసేపు పక్కన పెట్టి జిల్లాల వారీ లెక్కలు పట్టుకోండి. కియాంబు, న్యేరీ అంకెల పక్కన ఉత్తరాన మెట్టసీమలోని వజీర్, మండేరా అంకెలు పెట్టి, ఆడపిల్లల వరస విడిగా చదవండి. ఆ తర్వాత అదే పటం మీద మిషన్ల పాత స్థావరాలు, 1930ల స్వతంత్ర బడులు, హరాంబీ బడులు గుర్తులు పెట్టండి. గుర్తులు ఎంతవరకు ఒకే చోట గుమిగూడుతాయో చూశాక మిషనరీలు లేకపోతే అన్న మీ మూడో ప్రశ్నను కొంచెం మార్చి అడగాలనిపిస్తుంది: మిషన్ అడుగుపెట్టిన చోట్లలో కొన్నింట బడి ఎందుకు అల్లుకుపోయింది, కొన్నింట ఎందుకు ఆగిపోయింది? నా వరకు దానికి దొరికిన జవాబు నేల, దానిమీద పండే నగదు పంట, నైరోబీకి ఉన్న దూరం.